క్వీన్ ఆంథూరియం ఆకులు అంచుల నుంచి మాడిపోతున్నాయి. మన బెజవాడ ఎండల్లో దీన్ని బతికించుకోవడం ఎలా?

పటమట_మూడోఅంతస్తు | విజయవాడ | ఏప్రిల్ 27, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. చాలా రోజులుగా ఇక్కడ మీరంతా రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదలు.

ఫిబ్రవరిలో ఒక క్వీన్ ఆంథూరియం తెప్పించుకున్నాను. శాస్త్రీయ నామం ఆంథూరియం వారొక్వియానమ్. ఆన్‌లైన్‌లో ఒక నర్సరీ వాళ్లు కొరియర్‌లో పంపారు. మూడు ఆకులు, పెద్దది జానెడున్నర. కొనే ముందు ఆరు నెలలు ఆలోచించాను. ముదురాకుపచ్చ మఖమల్ మీద తెల్లటి ఈనెలు... వచ్చిన రోజు మా అమ్మ వంటపని వదిలేసి పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

మార్చి దాకా బాగానే ఉంది. ఏప్రిల్ రెండో వారం నుంచి ఆకుల కొసలు, అంచులు గోధుమరంగుకి తిరిగి అప్పడంలా పెళపెళలాడుతున్నాయి. ఒక ఆకు పూర్తిగా పండిపోయి నిన్న రాలింది. కొత్త చిగురు వచ్చింది గానీ విచ్చుకోకుండానే మధ్యలో చిరిగి నల్లబడింది.

పెట్టిన చోటు బెడ్‌రూమ్, తూర్పు కిటికీకి నాలుగడుగుల దూరం. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఏసీ 24లో ఉంటుంది. పగలు ఏసీ వెయ్యం, గది 34, 35 దాకా వెళ్తోంది. రోజూ కొద్దికొద్దిగా నీళ్లు పోస్తున్నాను, రెండు పూటలా స్ప్రే కొడుతున్నాను. ఎండలు ముదిరాయని ఈ నెలలో నీళ్లు ఇంకాస్త పెంచాను కూడా. అయినా ఎండిపోతోంది. చాలా టెన్షన్‌గా ఉంది, ఏదైనా దారి చెప్పండి.

మొగల్రాజపురం_నీడ | విజయవాడ | ఏప్రిల్ 27, రాత్రి 10:25

మీ బాధ అర్థమైందండి. కానీ ఉన్నమాట చెప్తాను, తప్పుగా అనుకోకండి. ఇది కొలంబియా వానల అడవుల మొక్క. పొద్దస్తమానం తేమ, రాత్రయితే చల్లదనం. మనకేమో మే నెలలో రాత్రి పన్నెండింటికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. నేను రెండు క్వీన్‌లను పోగొట్టుకున్నాను, రెండూ మే నెలలోనే. ఆ తర్వాత ఆంథూరియం క్రిస్టలినమ్ పెట్టుకున్నాను. అదీ మఖమల్ ఆకే, అవీ తెల్లటి ఈనెలే, ఆకు మాత్రం హృదయాకారంలో ఉంటుంది. నాలుగేళ్లుగా మా హాల్లో ఉంది. ఈసారికి దీన్ని ఎలాగోలా గట్టెక్కించండి, ఇంకోటి కొనేటప్పుడు మాత్రం క్రిస్టలినమ్ చూడండి. ఏసీ గదిలోంచి ముందు బయటికి తీయండి, ఏసీ గాలి తేమంతా పీల్చేస్తుంది.

బ్రాడీపేట_బాల్కనీ | గుంటూరు | ఏప్రిల్ 28, ఉదయం 6:15

అమ్మా, రాత్రే చదివాను, తీరిగ్గా రాద్దామని పొద్దున కూర్చున్నాను.

మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది ఏసీ కాదు, ఎండా కాదు. "ఎండలు ముదిరాయని నీళ్లు పెంచాను" అన్నారే, ఆ మాట. అంచులు ఎండుతున్నాయి కాబట్టి దాహంగా ఉందనుకుంటాం. వేళ్లు కుళ్లిపోయినా ఆకు ఇలాగే ఎండుతుంది, ఎందుకంటే కుండీ నిండా నీళ్లున్నా వాటిని పైకి ఎక్కించే వేరు ఉండదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

క్వీన్ నేలలో పెరిగే మొక్క కాదు. అడవిలో చెట్ల బోదెలు పట్టుకుని, ఆకులు కిందికి వేలాడేస్తూ పెరుగుతుంది. అక్కడ ఒక్కో ఆకు మీటరు దాటి పెరుగుతుంది. బదనికలాగా చెట్టు రసం తాగేది కాదు, పట్టు కోసం మాత్రమే పట్టుకుంటుంది. దాని వేళ్లు బెరడు మీద, నాచులో, గాలి ఆడే చోట పాకుతాయి. వేరు మీద తెల్లటి మెత్తని తొడుగు ఉంటుంది, వాన పడితే అది స్పాంజిలా పీల్చుకుంటుంది, ఆ తర్వాత ఆరిపోతుంది. అలాంటి వేరుని మెత్తటి కొబ్బరి పీచు పొడి, అంటే కోకోపీట్‌లో పాతి రోజూ తడిపితే దానికి ఊపిరాడదు.

ఎండాకాలంలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. అదే సమయంలో వేడికి వేరు ఆక్సిజన్ ఎక్కువ అడుగుతుంది. జనవరిలో ఏమీ కాని తడి, ఏప్రిల్లో వారం రోజుల్లో వేరుని చంపేస్తుంది. మన ఊళ్లలో ఈ మొక్కలు ఎండకి పోయాయంటాం గానీ, నేను తీసి చూసినవాటిలో ఎక్కువ భాగం తడికి పోయినవే.

మొక్కని కుండీలోంచి బయటికి తీయండి. భయపడకండి, తీస్తే చచ్చిపోయేంత సున్నితమైనది కాదు. తీసి వేళ్లు ఎలా ఉన్నాయో రాయండి. కుండీలో ఏం మిశ్రమం ఉంది, ఏ నీళ్లు పోస్తున్నారు, అవి కూడా.

గుణదల_కొండకింద | విజయవాడ | ఏప్రిల్ 28, ఉదయం 11:02

బ్రాడీపేట మాస్టారు చెప్పింది వేళ్ల సంగతి. నేను గాలి సంగతి చెప్తాను.

స్ప్రే కొట్టడం మానేయండి అక్కా. కొట్టిన పది నిమిషాలకే గదిలో తేమ మళ్లీ మామూలైపోతుంది, కావాలంటే తేమ మీటరు పక్కన పెట్టుకుని చూడండి. పైగా రాత్రి పూట మఖమల్ ఆకు మీద నీళ్లు నిలిస్తే మచ్చలు పడతాయి. ఈ ఆకు పైన కణాలు ఒక్కోటి బుడిపెలా ఉబ్బి ఉంటాయి, ఆ మెరుపు అందువల్లే. నీడలో ఉన్న కాస్త వెలుతురునీ పట్టుకోవడానికి అలా ఉంటాయంటారు. వాటి మధ్య చేరిన దుమ్మూ, ఉప్పూ గుడ్డతో తుడిస్తే పోవు, ఆకే పాడవుతుంది. నేను మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులుపుతాను.

ఏసీ వద్దనే మాట నేను ఒప్పుకోను. ఏసీ చల్లదనం ఈ మొక్కకి వరం. చెడ్డదల్లా అది గాల్లో తేమని లాగి బయటి పైపులోంచి వదిలేయడం. కాబట్టి మొక్కని ఏసీ గదిలోనే, అద్దాల లోపల పెట్టాలి. చల్లదనం అద్దంలోంచి లోపలికి వెళ్తుంది, తేమ బయటికి పోదు.

మా ఇంట్లో అత్తగారి కాలం నాటి షోకేస్ ఉండేది, గాజు తలుపులున్నది. అందులో బొమ్మలు, కప్పులు తీసేసి నా ఆంథూరియంలు పెట్టాను. పైన రెండడుగుల ఎల్‌ఈడీ పట్టీలు రెండు, పన్నెండు గంటల టైమర్. మూలన కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాన్ ఒకటి, గాలి నిలవకుండా. గదిలో తేమ 45 ఉన్నప్పుడు షోకేస్‌లో 78, 80 ఉంటుంది. లైట్ల అడాప్టర్లు మాత్రం బయట పెట్టండి, లోపల పెడితే వేడెక్కిపోతుంది.

పటమట_మూడోఅంతస్తు | విజయవాడ | ఏప్రిల్ 28, రాత్రి 8:50

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడే తీసి చూశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

ప్లాస్టిక్ కుండీ వంచి మెల్లగా లాగితే మట్టి మొత్తం ఒకే ముద్దగా వచ్చింది. వాళ్లు పంపిన కోకోపీట్, దానికి నేను కలిపిన వర్మీకంపోస్టు. పైన రెండంగుళాలు పొడిగా ఉంది, కింద పిండితే నీళ్లు కారాయి. నీళ్ల వాసన మూసిన కాలువ వాసనలా ఉంది. ముద్ద విడదీస్తుంటే మధ్యలో బొటనవేలంత తెల్లటి వల సంచి ఒకటి కనిపించింది. దానిలోపల నల్లటి కోకోపీట్, వేళ్లన్నీ ఆ వలలో ఇరుక్కుని ఉన్నాయి. కత్తెరతో వల కోసి తీశాను.

పదకొండు వేళ్లు లెక్కపెట్టాను. ఎనిమిదింటిని చేతివేళ్ల మధ్య పట్టుకోగానే పైతొడుగు గొట్టంలా ఊడి చేతికి వచ్చేసింది, లోపల దారం లాంటి పీచు మిగిలింది. మూడు మాత్రం గట్టిగా, తెల్లగా ఉన్నాయి. అందులో ఒకదాని కొస లేత పసుపు రంగులో ఉంది.

నీళ్లు కుళాయివి. మా అపార్ట్‌మెంట్‌లో మున్సిపల్ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే ట్యాంకులో కలుస్తాయి. పక్క ఫ్లాట్ వాళ్ల మీటరు పెట్టి చూస్తే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 640 చూపించింది.

మూడు వేళ్లతో బతుకుతుందా మాస్టారూ? కోసిన చోట పసుపు రాయనా?

బ్రాడీపేట_బాల్కనీ | గుంటూరు | ఏప్రిల్ 28, రాత్రి 9:20

బతుకుతుందమ్మా. లేత పసుపు కొస అంటే ఆ వేరు ఇంకా పెరుగుతూనే ఉందన్నమాట. ఒక్క వేరుతో బతికినవాటిని చూశాను.

ఆ వల సంచి టిష్యూ కల్చర్ మొక్కని (చిన్న కణజాలం ముక్క నుంచి సీసాలో పెంచినదాన్ని) ల్యాబ్ నుంచి బయటికి తెచ్చినప్పుడు మొదట నాటేది. దానితోనే పెద్ద కుండీలోకి మారుస్తుంటారు. మొక్క కొనగానే వేళ్ల మధ్య అదుందో లేదో చూడాలి. ఇది ఇక్కడ కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్తున్నాను, ఎందుకంటే తడి ముందుగా నిలిచేదీ కుళ్లు ముందుగా మొదలయ్యేదీ అక్కడే.

ఈ రాత్రే ఇలా చెయ్యండి. మెత్తబడ్డ వేళ్లన్నీ గట్టి భాగం కనిపించేదాకా కొత్త బ్లేడుతో కోసేయండి, ప్రతి కోతకీ బ్లేడుని స్పిరిట్‌తో తుడవండి. మంచి వేళ్లని మంచినీళ్లతో కడగండి. గంటసేపు నీడలో ఆరనివ్వండి. కాండం మీద గాయం ఉంటే అక్కడ పసుపు అద్దండి, మంచి వేళ్లకి తగలనివ్వకండి, పొడులేవైనా వాటిని ఎండబెట్టేస్తాయి. స్ఫాగ్నమ్ నాచు ఉంటే తడిపి, చేత్తో గట్టిగా పిండి, వదులుగా వేళ్ల చుట్టూ పెట్టండి. చిన్న కుండీ చాలు, పారదర్శకంగా ఉండే జ్యూస్ గ్లాసుకి కన్నాలు పెట్టినా సరే. వేరు కంటికి కనిపిస్తుంటే మళ్లీ మళ్లీ పీకి చూసే అవసరం ఉండదు.

ఉన్న రెండు ఆకుల్నీ కోయకండి. అంచులు మాడినా మిగతా పచ్చభాగం వండి పెడుతూనే ఉంటుంది, కొత్త వేరుకి తిండి అక్కడి నుంచే రావాలి. నెలరోజులు ఎరువు మాటే వద్దు.

నీళ్ల సంగతి. 640 ఈ మొక్కకి చాలా ఎక్కువ, ఉప్పు ముందు ఆకు అంచుల్లోనే చేరుతుంది. తాగే ఆర్‌ఓ నీళ్లు పోయండి. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, అసలు ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఏసీ పైపు నీళ్లు పట్టుకుని నేను మూడేళ్లుగా వాడుతున్నాను, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. సర్వీసింగ్ చేయించిన వారం రోజులు మాత్రం పట్టను, కాయిల్ కడిగిన మందు వస్తుంది కాబట్టి.

తాడేపల్లి_తీగ | ఏప్రిల్ 29, మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు. ఈ ఆంథూరియం ఆకులు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా?

మిర్చి_మడి | గుంటూరు జిల్లా | ఏప్రిల్ 29, మధ్యాహ్నం 2:10

ప్రమాదమేనండి, అందకుండా పెట్టండి. ఇవన్నీ మన కంద, చేమ కుటుంబమే. కంద తరిగితే చేతులు ఎందుకు దురద పెడతాయో దీనికీ అదే కారణం, ఆకుల్లో, కాడల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అంటాం గానీ, పిల్లల నోటికి ఆ దురద చాలా బాధగా ఉంటుంది. పెదాలు, నాలుక మండి వాస్తాయి. నమిలితే వెంటనే నోరు కడిగి చల్లటి నీళ్లు పట్టించండి. వాపు ఎక్కువగా ఉన్నా, మింగడానికి, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కందని ఉడికించి తింటాం కదా అని దీన్ని తినే మొక్కగా అనుకోవద్దు.

పటమట అక్కా, మీ చిగురు చిరిగి నల్లబడిందన్నారు. తేమ తక్కువైనా అలా అవుతుంది, తామర పురుగు ఉన్నా అలాగే అవుతుంది. తెల్లకాగితం పట్టుకుని చిగురుని దాని మీద తట్టండి. నల్లగానో పసుపుగానో సన్నటి నలుసులు కదిలితే అదే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మాది మిరప పండించే ఇల్లు. 2021-22 సీజన్లో నల్ల తామర మా ప్రాంతపు తోటల్ని ఏం చేసిందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. పూత పూతంతా రాలిపోయింది. దాని శాస్త్రీయ నామం థ్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద పట్టుకున్నారు. అమెరికాలోని ఫ్లోరిడాలో 2020లో మొదట దొరికింది ఆంథూరియం మీదే! అంటే మిరపనీ, ఈ మొక్కల్నీ పట్టే పురుగు ఒక్కటేనన్నమాట.

ఆ ఏడాది చేలోంచి వచ్చిన బట్టలతోనే మొక్కల దగ్గరికి వెళ్లేవాణ్ని. నా క్రిస్టలినమ్ కొత్త ఆకులు మూడు వరసగా వంకరపోయాయి, ఈనెల పక్కన వెండి గీతలు, వాటి మీద నల్ల చుక్కలు. అప్పుడు నేను చేసిన తప్పు ఇంకెవరూ చెయ్యకూడదని రాస్తున్నాను. చేనుకి తెచ్చిన మందు మిగిలితే ఇంట్లో కొట్టాను. రెండు రోజులు మా అమ్మకి దగ్గు ఆగలేదు. పొలం మందులు ఇంట్లో, తలుపులేసిన గదిలో కొట్టేవి కావు.

ఇప్పుడు మొక్కల పక్కన నీలిరంగు జిగురు అట్ట వేలాడదీస్తాను. వారానికోసారి బాత్‌రూమ్‌లో పెట్టి ఆకుల అడుగున సన్నటి ధారతో కడుగుతాను. వేపనూనె వాడాలనుకుంటే ముందు ఒక ఆకు మూల మీద రాసి మూడు రోజులు చూడండి, మఖమల్ ఆకుకి నూనె మచ్చ పడితే పోదు. చేను నుంచి వస్తే స్నానం చేశాకే మొక్కల దగ్గరికి.

పటమట_మూడోఅంతస్తు | విజయవాడ | ఏప్రిల్ 29, రాత్రి 9:05

కాగితం మీద తట్టి చూశానండి, ఏమీ లేదు. భూతద్దంతో ఆకు అడుగున కూడా చూశాను, శుభ్రంగానే ఉంది.

మాస్టారు చెప్పినట్టే కోసి, కడిగి, నాచులో పెట్టాను. షోకేస్ ఇప్పటికిప్పుడు లేదు కాబట్టి బట్టలు పెట్టుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఖాళీ చేసి, అడుగున తడి గులకరాళ్లు వేసి, వాటిపైన గ్లాసు పెట్టాను. బెడ్‌రూమ్‌లో, ఏసీ గాలి నేరుగా తగలని మూలన ఉంచాను. డబ్బాలో తేమ 88 చూపిస్తోంది.

ఒక సందేహం. రాత్రి సరే, పగటి మాటేంటి? ఏసీ లేనప్పుడు గది 35కి వెళ్తే మూసిన డబ్బా ఇంకా వేడెక్కదా?

గుణదల_కొండకింద | విజయవాడ | ఏప్రిల్ 29, రాత్రి 9:48

ఎక్కుతుంది. నేరుగా ఎండ పడితే అద్దాల డబ్బా గంటలో మొక్కని ఉడకబెట్టేస్తుంది, అందుకే కిటికీ వెలుతురు కాకుండా లైటు పెట్టమన్నాను. పగలు డబ్బాని ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోటికి మార్చండి. మా ఇంట్లో అది దేవుడి గదికీ వంటింటికీ మధ్య నడవా. బయటి గోడ తగలదు కాబట్టి మూడు డిగ్రీలు తక్కువ ఉంటుంది.

పడమటి గాలి వీచే పొడి రోజుల్లో కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి తడపండి. గది చల్లబడుతుంది, తేమా పెరుగుతుంది, వాసన కూడా హాయి. ఉక్కపోత రోజుల్లో మాత్రం దానివల్ల ఏమీ ఉండదు, అప్పటికే గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి తడిక ఆరదు, ఆరనిదే చల్లబడదు.

సింగ్‌నగర్_మేడమీద | విజయవాడ | ఏప్రిల్ 30, ఉదయం 7:30

కరెంటు పోతే ఎలా అని ఎవరూ అడగలేదు, నేను చెప్తాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా కింది ఇల్లు పూర్తిగా మునిగింది. కింద వరండాలో ఉన్న కుండీలు నలభై దాకా పోయాయి. మేం పైకెక్కాం, తర్వాత పడవలో బంధువుల ఇంటికి వెళ్లాం. పై గదిలో మూత డబ్బాలో చిన్న క్వీన్ ఒకటి, రెండు క్రిస్టలినమ్ పిలకలు ఉన్నాయి. వాటి గురించి ఆలోచించే పరిస్థితి కాదు, పాలప్యాకెట్ కోసమే ఎదురుచూసే రోజులు అవి.

పదకొండు రోజుల తర్వాత తాళం తీశాం. లైటు లేదు, ఫ్యాన్ లేదు, ఎవరూ నీళ్లు పోయలేదు. డబ్బా మూత లోపల నీటి చుక్కలు అలాగే ఉన్నాయి. మూడూ పచ్చగా ఉన్నాయి. మూత తీశాక ఆ గదంతా బురద వాసనే, డబ్బాలో మాత్రం తడి నాచు వాసన. మా ఆవిడ అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

అందుకే చెప్తున్నా తల్లీ, కరెంటు కోతకి భయపడకండి. పిండిన నాచు, మూసిన డబ్బా, నీడ ఉంటే ఈ మొక్క పది రోజులు ఓర్చుకుంటుంది. నీళ్లు నిలిచిన కుండీలో అయితే నాలుగు రోజులు ఓర్చుకోదు.

మొగల్రాజపురం_నీడ | విజయవాడ | ఏప్రిల్ 30, ఉదయం 9:12

ఇదంతా చదివాక నా రెండు క్వీన్‌లు గుర్తొచ్చాయి. రెండింటికీ నేను మే నెలలో రోజూ నీళ్లు పోశాను. తీసి చూడలేదు, ఎండకే పోయాయనుకుని పారేశాను. ఏసీలోంచి తీయమని మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నానండి. అక్కా, మీరు వరసగా రాస్తూ ఉండండి, మేమంతా చూస్తుంటాం.

పటమట_మూడోఅంతస్తు | విజయవాడ | మే 29, రాత్రి 10:15

రోహిణి కార్తె నడుస్తోంది. మొక్క ఉంది!

నెలరోజుల్లో రెండే రెండుసార్లు నీళ్లు పోశాను. గ్లాసు పక్కల నుంచి నాచు లేత రంగుకి తిరిగాక మాత్రమే. ఇరవయ్యో రోజున గ్లాసు గోడకి ఆనుకుని తెల్లటి మొన ఒకటి కనిపించింది, మర్నాటికి బియ్యపు గింజంత అయింది. ఇప్పుడు అలాంటివి నాలుగున్నాయి, పొడవైనది నా చిటికెనవేలంత. కింది ఆకు పండి రాలిపోయింది, ఒక్క ఆకే మిగిలింది. కొత్త వేళ్లకి తిండి పెట్టి వెళ్లిందనుకున్నాను.

పగలు డబ్బాని హాల్లో లోపలి గోడ దగ్గరికి, రాత్రి బెడ్‌రూమ్‌కి మారుస్తున్నాను. మా ఆయన గోడకున్న పాత షోకేస్‌కి లైట్లు బిగిస్తానన్నారు.

ఇప్పుడు ఎరువు మొదలుపెట్టొచ్చా? కుండీ మార్చాలా?

బ్రాడీపేట_బాల్కనీ | గుంటూరు | మే 30, ఉదయం 6:05

చాలా సంతోషమమ్మా. ఇంకో మూడు వారాలు నాచులోనే ఉంచండి. వేళ్లు అరచేతి పొడవయ్యాక మార్చండి.

నేను వాడే మిశ్రమం రాస్తాను. సగం పాలు కొబ్బరి డొక్క ముక్కలు, బొటనవేలి గోరంత. డొక్కలో ఉప్పు ఉంటుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి, నీళ్లు పారబోసి, అలా మూడుసార్లు చెయ్యాలి. పావు పాలు బొగ్గు ముక్కలు, ఇస్త్రీ బండి అతన్ని అడిగితే ఇస్తాడు, కాల్చని కొత్త బొగ్గు, బూడిద కాదు. మిగతా పావు పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు), కాస్త నాచు. కలిపాక పైనుంచి చెంబుడు నీళ్లు పోస్తే క్షణాల్లో కింద దిగిపోవాలి. దిగకపోతే పొడి ఎక్కువైనట్టు, జల్లెడ పట్టండి. కోకోపీట్ పొడి చిటికెడు కూడా వద్దు. కుండీ వేళ్లకి సరిపడా చిన్నదే కావాలి.

ఎరువు గురించి మిర్చి_మడి తమ్ముడు నాకంటే బాగా చెప్తాడు.

మిర్చి_మడి | గుంటూరు జిల్లా | మే 30, మధ్యాహ్నం 12:40

ఎరువుల కొట్లో దొరికే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) చాలు. లీటరుకి పావు గ్రాము. అంత చిన్న తూకం ఇంట్లో కుదరదు కాబట్టి ఒక గ్రాము నాలుగు లీటర్లలో కలిపి వాడుకోండి. చేనుకి వేసే లెక్క దీనికి పనికిరాదు.

ఒక్క విషయం మర్చిపోకండి. ఆర్‌ఓ నీళ్లలో, ఏసీ నీళ్లలో కాల్షియం ఉండదు, 19:19:19లోనూ ఉండదు. కాల్షియం లేకపోతే కొత్త ఆకు చిరిగి, వంకరగా వస్తుంది. ఒక వారం 19:19:19, ఇంకో వారం కాల్షియం నైట్రేట్ అదే మోతాదులో ఇవ్వండి. రెండూ ఒకే డబ్బాలో కలపకండి, ఫాస్ఫేటూ కాల్షియమూ కలిసి తెల్లగా అడుగున పేరుకుపోతాయి, మొక్కకి ఏదీ అందదు. నెలకోసారి ఉత్త నీళ్లు ధారాళంగా పోసి కడిగేయండి.

తాడేపల్లి_తీగ | జూన్ 18, సాయంత్రం 6:20

పటమట అక్కా, షోకేస్ అయిందా? ఈ చర్చ చదివి నేను కూడా మొక్కలన్నీ పై అరలోకి, తాళం వేసే అద్దాల బీరువాలోకి మార్చాను. బాబు రోజూ వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూస్తాడు.

పటమట_మూడోఅంతస్తు | విజయవాడ | జూలై 20, ఉదయం 8:30

షోకేస్ అయింది, నెల దాటింది. బెడ్‌రూమ్‌లోనే పెట్టాం. మాస్టారి మిశ్రమంలోకి జూన్ 21న మార్చాను. ఇస్త్రీ బండి ఆయన బొగ్గు ఎందుకని అడిగి, మొక్కకని చెప్తే డబ్బులు తీసుకోలేదు.

జూలై 6న కాడ పక్కన సన్నటి మొన వచ్చింది. నాలుగు రోజులు చుట్టుకునే ఉంది, అగరుబత్తి అంత. ఐదో రోజు పొద్దున చూసేసరికి ఒక పక్క విడింది. లోపల ఆకు రాగి రంగులో, తడి గుడ్డలా మడతలు పడి ఉంది. రెండు రోజుల్లో మడతలన్నీ పోయాయి. చిరుగు లేదు, నల్ల మచ్చ లేదు. రాగి రంగులోంచి పచ్చదనం ఈనెల దగ్గర మొదలై అంచులకి పాకుతోంది. ఈనెలు ఇంకా తెల్లబడలేదు.

ఈ పొద్దున అద్దం అవతలి నుంచే స్కేలు పెట్టి కొలిచాను, 19 సెంటీమీటర్లు. పాత ఆకులో సగం. ముట్టుకోలేదు మాస్టారూ, గట్టిపడేదాకా ముట్టుకోను. అమ్మ ఊరి నుంచి రోజూ వీడియో కాల్ చేసి ముందు దాన్నే చూపించమంటోంది.

కాండం మీద, నాచుకి పైన, చిన్న బుడిపె కనిపిస్తోంది. అది కొత్త వేరేనా?

బ్రాడీపేట_బాల్కనీ | గుంటూరు | జూలై 20, ఉదయం 8:55

వేరేనమ్మా. కాండం పైకి పాకడం మొదలుపెట్టింది. తడిపి పిండిన నాచు చిటికెడు తీసుకుని ఆ బుడిపె చుట్టూ అంటించి, దారంతో వదులుగా కట్టండి. వెనకాల బెరడున్న కర్ర ఏదైనా నిలబెట్టండి, వేపదైనా సరే. వేరుకి పట్టు దొరికితే వచ్చే ఆకు ఇంతకంటే పెద్దదవుతుంది.

పటమట_మూడోఅంతస్తు | విజయవాడ | జూలై 20, మధ్యాహ్నం 3:10

కట్టానండి. కింద వీధిలో కొమ్మలు కొట్టిన వేపచెట్టు ముక్క ఒకటి దొరికింది, కడిగి ఆరబెట్టి పెట్టాను. బుడిపె కొస లేత పసుపు రంగులో ఉంది.